స్పీకర్ల కాళ్లు పట్టుకున్న బతుకు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఇన్నేళ్లూ ‘ఆడియో కన్సల్టెంట్‌ని’ అని చెప్పుకున్నాను. విజిటింగ్ కార్డు మీద కూడా అలాగే వేయించుకున్నాను. మా ఆవిడ మాత్రం బంధువులకి ఉన్నమాట చెప్పేది, “ఈయన బాక్సుల కింద మేకులు పెడతారండీ” అని. రిటైరై, తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే ఆమె చెప్పిందే సరిగ్గా ఉంది.

విజయవాడలో ఏలూరు రోడ్డు పక్క సందులో మా షాపు. పెళ్లి మండపాల్లో మోగేవి కావు, ఇళ్లల్లో పాటలు వినడానికి పెట్టుకునే పెద్ద స్పీకర్లు అమ్మేవాళ్లం. మనిషి నడుము దాటి ఎత్తుంటాయి. మన ఊళ్లలో వాటిని స్పీకర్లనరు, బాక్సులంటారు. ఎత్తి చూస్తే సిమెంటు బస్తా గుర్తొస్తుంది. అమ్మడం ఓనరు గారి పని. వాటిని ఇంటికి తీసుకెళ్లి, నిలబెట్టి, పాడించి రావడం నా పని. ఆ నిలబెట్టడంలోనే నా సర్వీసంతా గడిచిపోయింది.

ఈ లైన్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి అడుగుతారు, కింద ఏ కాళ్లు పెట్టాలి సార్, మేకులా, రబ్బరా, రాయా అని. ఫోన్లో వీడియోలన్నీ చూసే వస్తారు కాబట్టి నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. అయినా పెద్దవాణ్ణి, బాధపడతానని అడుగుతారు. అందుకే నాకు తెలిసింది ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇందులో చాలావరకు తప్పులు చేసి నేర్చుకున్నదే. ఆ తప్పులు కూడా ఎక్కువగా వేరేవాళ్ల గచ్చు మీద చేసినవే.

మేకుల పార్టీ, రబ్బరు పార్టీ

డోలు దెబ్బ పడ్డప్పుడల్లా బాక్సులో ఉండే పెద్ద కోను ముందుకు తంతుంది. ఆ తాపుకి బాక్సు వెనక్కి ఊగాలని చూస్తుంది. దాన్ని ఊగకుండా పట్టుకోవడం కాళ్ల మొదటి పని. బాక్సులోని వణుకు నేలలోకి దిగి ఇల్లంతా పాకకుండా చూడటం రెండో పని. మొదటి పనికి మొన తేలిన ఇనప మేకులు బాగా పనికొస్తాయి. రెండో పనికి మెత్తటి రబ్బరు కాళ్లు. మేకులవాళ్లూ రబ్బరువాళ్లూ ఒకచోట చేరితే జరిగే వాదన నేను ఎన్నికలప్పుడు కూడా చూడలేదు. నేను రెండు పార్టీల్లోనూ ఉన్నాను. షాపులో ఏ కాళ్ల స్టాకు మిగిలిపోతే ఆ పార్టీ తరఫున మాట్లాడేవాణ్ణి.

ఇప్పుడు అమ్మాల్సిన స్టాకేమీ లేదు కాబట్టి నిజం చెబుతాను. కింది అంతస్తులో, టైల్సో గ్రానైటో పరిచిన గట్టి గచ్చు మీద ఏ కాళ్లు పెట్టినా తేడా కొంచెమే. ముఖ్యమైంది బాక్సు నాలుగు కాళ్లూ నేలకి ఆనడం. పై మూల మీద అరచెయ్యి వేసి నెట్టి చూడండి. టిక్కుమని ఊగితే ఒక కాలు గాల్లో ఉన్నట్టు. కాలి బోల్టు తిప్పి సరిచెయ్యండి. మనది నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలిస్తుంది, దాంతోపాటు గచ్చు కూడా అటూ ఇటూ అవుతుంది. అందుకని ఎండాకాలంలో బిగించిన బాక్సుని వానలు పడ్డాక ఒకసారి మళ్లీ నెట్టి చూడాలి. ఈ ఒక్క పనీ చేస్తే చాలు. దీనికి కన్సల్టెంటు అక్కర్లేదు. ఈ ముక్క ఉద్యోగంలో ఉండగా ఎప్పుడూ చెప్పలేదు.

పాలరాయి మీద గీతలు

కంకిపాడులో ఒక కాంట్రాక్టరు గారు కొత్త ఇల్లు కట్టి, గృహప్రవేశానికి ముందురోజు మా బాక్సులు దింపించారు. హాలంతా తెల్లటి పాలరాయి. నేను వెళ్లేసరికి వాస్తు సిద్ధాంతి గారు ఇంకా అక్కడే ఉన్నారు. ఆయన ఒక బాక్సుని ఒక పక్క కాస్త ఎత్తి చూసి, ఇంత బరువు నైరుతి మూలలోనే ఉండాలన్నారు. ఒకటి ఆ మూల, రెండోది ఈ మూల ఉండాలండీ, రెండింటి మధ్యా పాట నిలబడాలండీ అని నేను చెప్పాలి. చెప్పలేదు. తల ఊపడం నాకు మొదటి నుంచీ బాగా వచ్చు. రెండు బాక్సుల్నీ ఒకే మూలలో తోడికోడళ్లలా పక్కపక్కన నిలబెట్టాను. మూలలో పెట్టిన బాక్సుకి లావు గొంతొస్తుంది. రెండూ కలిసి ఆ ఇంట్లో ఏ పాట పెట్టినా గోడ అవతల ఎవరో పరుపులు దులుపుతున్నట్టే వినిపించేది.

అదొక్కటే అయితే సిద్ధాంతి గారి మీదకి తోసేసి ఊరుకునేవాణ్ణి. ఆ తల ఊపే హడావుడిలో మేకుల కింద పెట్టాల్సిన ఇత్తడి బిళ్లలు మర్చిపోయాను. పైగా బాక్సుని ఎత్తకుండా జరిపాను. కొత్త పాలరాయి మీద హాలు మధ్య నుంచి మూలదాకా గీతలు పడ్డాయి. కాంట్రాక్టరు గారి భార్య వచ్చి చూశారు.

“ఈ గీతలేంటండీ?”

“రాయిలో డిజైనమ్మా అది.”

ఆమె వంగి, వేలితో తడిమి చూసి, “మేం కొన్న రాయిలో డిజైను మాకు తెలియదాండీ?” అన్నారు. అరిచినా బాగుండేది. ఎంతో మర్యాదగా అన్నారు, అందుకే ఇప్పటికీ చెవిలో ఉంది. గీతలు ఎక్కువగా పడ్డచోట ఒక కాళ్లపట్టా వేయించారు. గుమ్మం దగ్గర ఉండాల్సిన కాళ్లపట్టా హాలు మధ్యలో ఎందుకుందో తెలియక, ఆ ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ దాని మీద ఇంకోసారి కాళ్లు తుడుచుకుని వెళతాడు.

మేకు పెడితే కింద బిళ్ల ఉండి తీరాలి. బాక్సుని ఇద్దరు పట్టి ఎత్తాలి, ఒక్కరు జరపకూడదు. ఇక వాస్తు అంటారా, ఇంటివాళ్లు నమ్మినదాన్ని మీరు మార్చలేరు. కానీ రెండో బాక్సుని ఇవతలికి తెచ్చి, దాని బరువు తక్కువని ఒక అబద్ధం చెప్పొచ్చు. ఆ మాట నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

సింకు ముక్క

మేకులూ వద్దు, రబ్బరూ వద్దు, కింద ఒక పీట వెయ్యమని అడిగేవాళ్లున్నారు. మా షాపులో రంపపు పొట్టు అదిమి చేసే నొక్కు చెక్కతో చేయించిన నల్లటి పీటలుండేవి. చూడటానికి ముచ్చటగా ఉండేవి. ఇబ్రహీంపట్నంలో ఒక ఇంజనీరు గారికి అవి వేశాను. కొన్నాళ్లకి ఆయన ఫోన్ చేసి, బాక్సులు ముందుకి ఒరుగుతున్నాయి, బహుశా ఇంటి పునాది కుంగుతోందన్నారు. నేను వెళ్లి, మట్టం పెట్టి చూసి, అవునండీ, కుంగినట్టే ఉందన్నాను. పాపం ఆయన తాపీమేస్త్రీని పిలిపించి గోడ పక్కన గొయ్యి తవ్వించారు. పునాది భేషుగ్గా ఉంది.

సంగతేమిటంటే, ఆ ఇంట్లో శుక్రవారం నాడు బకెట్లతో నీళ్లు కొట్టి గచ్చు కడుగుతారు. ఆ ఇల్లే కాదు, మన వైపు చాలా ఇళ్లు కడుగుతారు, మా ఇల్లు కూడా. నొక్కు చెక్క నీళ్లు తాగి వెనక అంచున పూరీలా పొంగింది. మా ఇంట్లో వారం వారం నీళ్లు చూస్తూ పెరిగినవాణ్ణి నేను, అయినా నాకూ తట్టింది పునాదే.

ఆ తర్వాత రాతి పీటకి మారాను. వంటింటి గట్టు గ్రానైటులో సింకు కోసం కోసి తీసేసిన ముక్క ఉంటుంది చూశారూ, అది ఒక బాక్సు కింద సరిగ్గా సరిపోతుంది. రాళ్ల దుకాణాల వెనక గుట్టలుగా పడి ఉంటాయి. అంచులు అరగదీయించి, అడుగున మందపాటి గుడ్డ అంటించి వేస్తే నీళ్లకి భయం లేదు, బాక్సు కదలదు, చీపురు తగిలినా నష్టం లేదు. మేం దానికి ‘అకౌస్టిక్ బేస్’ అని పేరు పెట్టాం. సింకు ముక్కంటే ఎవరూ కొనేవారు కాదు.

శేషగిరి గారి కుర్చీ

మా ఓనరు శేషగిరి గారికి పాటల మీద బొత్తిగా ఆసక్తి లేదు. షాపులో పాట వస్తుంటే ఆయన పేపరు చదువుకునేవారు. నేను మాత్రం కళ్లు మూసుకుని, తల పక్కకి వంచి వినేవాణ్ణి. అలా వింటే కస్టమర్లకి నమ్మకం కలుగుతుందని అద్దం ముందు అలవాటు చేసుకున్నాను.

ఆయన నన్ను పంపేటప్పుడు ఒక్కటే చెప్పేవారు. “ముందు ఆ ఇంట్లో ఎవరు వింటారో కనుక్కో. వాళ్లు కూర్చునే కుర్చీలో నువ్వు కూర్చో. తర్వాతే పానా బయటికి తియ్యి.”

అది అమ్మకాల చమత్కారం అనుకున్నాను. అయినా చెప్పినట్టే చేసేవాణ్ణి. ప్రతి ఇంట్లోనూ ఆ ఇంటాయన కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఎలాగంటే, మా ఇంట్లో ఎలా కూర్చుంటానో అలాగే, రెండు కాళ్లూ పైకి మడిచి, బాసింపట్టు వేసుకుని. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. మన వైపు ఇదేమంత వింత కాదు కదా. నా సర్వీసులో పెద్ద తప్పు ఈ బాసింపట్టులో ఉందని అప్పుడు నాకేం తెలుసు.

పామర్రు మేడ

పామర్రు దగ్గర రైసు మిల్లు కోటేశ్వరరావు గారిది పాతకాలం మేడ. కింద గచ్చు, పైన మాత్రం టేకు దూలాల మీద చెక్కలు పరిచిన నేల. నడిస్తే కిర్రుమంటుంది. ఆ పై హాల్లో ఆయన బాక్సుల్ని చాలా ఏళ్ల కిందట నేనే మేకుల మీద నిలబెట్టాను. ఆయనకి సన్నాయి మేళం అంటే ప్రాణం. మధ్యాహ్నం భోజనం చేసి మేడెక్కి, డోలు సన్నాయి పెట్టుకుని సాయంత్రందాకా వినేవారు.

నా రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో ఆయన భార్య మాణిక్యమ్మ గారు షాపుకి ఫోన్ చేశారు.

“బాబూ, ఆ బాక్సులైనా ఉండాలి, నేనైనా ఉండాలి. ఏదో ఒకటి తేల్చి పో.”

“ఏమైందమ్మా?”

“మేడ మీద నా అద్దాల బీరువా ఉంది. మా అమ్మ పెట్టిన గిన్నెలూ, పింగాణీ కప్పులూ అందులోనే ఉన్నాయి. ఈయన ఆ డోలు పెడితే అవన్నీ గజగజా వణుకుతున్నాయి. సరిగ్గా దాని కిందే నా మంచం. కాసేపు నడుం వాలుద్దామంటే నెత్తిమీద గిన్నెల మోత. ఇదివరకు ఇంత లేదు, ఈ మధ్య సౌండు మరీ పెంచేస్తన్నారు. ఆదివారంలోపు బాగుచెయ్యకపోతే మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేస్తా. వాడికి టెంట్‌హౌసుంది.”

కోటేశ్వరరావు గారి బాక్సులు టెంట్‌హౌసుకి పోవడమంటే ఆయనకి మధ్యాహ్నాలు లేకుండా పోవడమే. మిల్లు వ్యవహారాలు మేనల్లుడికి అప్పగించేశాక ఆయనకి మిగిలిన సరదా అదొక్కటే. నాకు ఆయన మీద జాలి కలిగింది. దాంతోపాటు లోపల లోపల సంతోషం కూడా కలిగింది, ఎందుకంటే ఇలాంటి కేసు కోసమే నేను కాచుకుని ఉన్నాను. చెక్క నేల, మేకులు, వణికే బీరువా. పుస్తకంలో బొమ్మ వేసినట్టున్న రోగం. మందు నా సంచిలోనే ఉంది.

కొత్తగా తెప్పించిన మెత్తటి రబ్బరు కాళ్లు తీసుకుని వెళ్లాను. కోటేశ్వరరావు గారు ఒకటి చేతిలోకి తీసుకుని నొక్కి చూశారు.

“మా మిల్లు రోలర్ల రబ్బరులా ఉందేవయ్యా.”

“ఇది వేరే అండీ, స్పెషల్ కాంపౌండు” అన్నాను. ఏమిటి స్పెషలని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అదృష్టం, ఆయన అడగలేదు. నేను చెప్పినదానికల్లా నవ్వి తల ఊపారు.

మేకుల మీద ఉండగా ఒక గ్లాసుడు నీళ్లు చెక్క నేల మీద పెట్టి డోలు పెట్టాను. నీళ్ల మీద వలయాలు లేచాయి. మిల్లు నుంచి వచ్చిన ఇద్దరు మనుషుల చేత బాక్సులెత్తించి, కింద రబ్బరు కాళ్లు బిగించి, మళ్లీ అదే పాట పెట్టాను. నీళ్లు కదల్లేదు, బీరువా కిక్కురుమనలేదు. మాణిక్యమ్మ గారు కింద నుంచే “హమ్మయ్య” అన్నారు. నేను ఆయన కుర్చీలో బాసింపట్టు వేసుకుని, కళ్లు మూసుకుని, తల వంచి విన్నాను. డోలు అంత శుభ్రంగా నేనెప్పుడూ వినలేదు.

“ఎలా ఉందండీ?” అన్నాను.

“బాగుంది, బాగుంది” అన్నారాయన.

ఆ వారమంతా షాపులో ఈ కేసు గురించే చెప్పాను. కుర్రాళ్ల చేత నోట్సు కూడా రాయించాను. శేషగిరి గారు పేపరు కిందికి దించి, “ఆయనేమన్నాడు?” అని అడిగారు. బాగుందన్నారండీ అన్నాను. ఆయన మళ్లీ పేపరు పైకెత్తారు.

బొటనవేలు

కొన్ని వారాలకి మాణిక్యమ్మ గారు మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి గొంతులో కోపం లేదు.

“ఆయన మేడెక్కటం మానేశారు బాబూ.”

“మోకాళ్ల నొప్పులా అమ్మా?”

“కాదయ్యా. అన్నం తిని అరుగు మీద కూర్చుని రోడ్డు వంక చూస్తన్నారు. ఏంటండీ అంటే పాట రావట్లేదంటారు. నేనే ఎక్కి పెట్టి చూశా, నిక్షేపంలా వస్తంది. మనిషి దిగాలుగా అయిపోయాడు. ఇంతకంటే ఆ గిన్నెల మోతే నయం అనిపిస్తంది నాకు.”

వెళ్లాను. వైర్లు చూశాను, ఆంప్లిఫయరు చూశాను, ఫోన్లో సౌండు కొలిచే యాప్ పెట్టి చూశాను. అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆయన్ని బలవంతాన మేడెక్కించి కుర్చీలో కూర్చోబెట్టి, మేళం పెట్టాను.

“బాగుందా అండీ?”

“బాగుంది” అని మెట్ల వైపు చూశారు, ఎప్పుడు దిగుదామా అన్నట్టు.

నాకు ఒళ్లు మండింది. ఇంత పని చేస్తే పాట రావట్లేదంటారా. పాత మేకులు ఎంత అధ్వాన్నంగా ఉండేవో పక్కపక్కన పెట్టి నిరూపించి, ఆయన చేత తప్పు ఒప్పించి గానీ పోకూడదనుకున్నాను. దయచేసి గమనించండి, ఆ తర్వాత జరిగిందాంట్లో నా తెలివేమీ లేదు. నా పొగరు వల్ల బయటపడింది. మిల్లు మనుషుల్ని మళ్లీ పిలిపించి, రబ్బరు తీయించి, మేకులు పెట్టించి, పాట వేశాను. “చూడండి, ఎంత మొరటుగా ఉందో, బీరువా ఎలా ఏడుస్తోందో వినండి” అంటూ ఆయన వెనక నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను.

ఆయన నా మాట వినడం లేదు. కాళ్లు రెండూ చెక్క మీద చాపి కూర్చున్నారు. కుడికాలి బొటనవేలు లేచి పడుతోంది. డోలు దెబ్బకి ఒకసారి, మళ్లీ దెబ్బకి ఒకసారి. తాళం తప్పడం లేదు.

అప్పుడే మాణిక్యమ్మ గారు మెట్ల మీద నుంచి, “ఏమండీ, కాఫీ” అన్నారు. ఆయన తిరగలేదు. మళ్లీ గట్టిగా అన్నారు. తిరగలేదు. నేను వెనక నుంచి రిమోటుతో పాట ఆపేశాను. వేలు ఆగింది. ఆయన తల ఎత్తి, ఏమైందన్నట్టు బాక్సుల వంక చూశారు. పాట వేశాను. ముఖం విప్పారింది, వేలు మళ్లీ లేచింది.

పక్కనున్న కుర్చీలో కూర్చుని, నా సర్వీసులో మొదటిసారి, పరాయి ఇంట్లో కాళ్లు కిందికి దించాను. చెక్క నేల అరికాళ్ల కింద వణుకుతోంది. డోలు మొత్తం అందులో ఉంది.

చెవి మీద బతికినవాణ్ణి నేను. ఎదురుగా ఉన్న మనిషికి చెవుడని ఇన్నేళ్లలో కనిపెట్టలేకపోయాను. సౌండు ఎందుకు పెంచుతున్నారో ఆలోచించలేదు. ప్రతిదానికీ నవ్వి తల ఎందుకు ఊపుతున్నారో ఆలోచించలేదు, తల ఊపడంలో నేనే ఆరితేరినవాణ్ణయి ఉండి కూడా. మిల్లు మోతలో బతికినవాళ్లు అరిచే మాట్లాడతారు కాబట్టి ఆయన అరుపు కూడా మామూలే అనుకున్నాను. ఆయన చెప్పుకోలేని సంగతి పట్టించుకోకుండా, ఆయనకి పాట అందే ఒక్క దారినీ నేను రబ్బరు పెట్టి మూసేశాను, పైగా మెచ్చుకోమని అడిగాను.

ఆయన ముందుకెళ్లి, పెదాలు కనపడేలా వంగి అడిగాను. “ఎన్నాళ్లయిందండీ?”

ఆయన భార్య వంక ఒకసారి చూసి, దాచి లాభం లేదనుకున్నట్టున్నారు.

“చాలా కాలమైందయ్యా. మిల్లు తినేసింది. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి లాక్కొస్తన్నా. బందరులో చెవికి మిషను పెట్టించా. కుక్కలూ గిన్నెలూ తప్ప ఏమీ వినపళ్లా, సొరుగులో పడేశా. ఈ మేళం నాకు చిన్నప్పటి నించీ కంఠతా. దెబ్బ ఎక్కడ పడతందో కాలికి తెలిస్తే చాలు, సన్నాయి నా లోపల అదే మోగుద్ది. మొన్న నువ్వు బాగుచేశాక దెబ్బ పోయింది. ఇన్నాళ్లకి అది కూడా పోయిందనుకున్నా. నా ఖర్మ అనుకున్నా గానీ, నీ పని అనుకోలా.”

మాణిక్యమ్మ గారు కాఫీ గ్లాసు బీరువా మీద పెట్టేశారు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు నాతో అరిచి మాట్లాడాల్సొస్తది. వీధిలోవాళ్లు నువ్వు నన్ను తిడతన్నావనుకుంటారు.”

“ఇన్నాళ్లూ కింద నించి పిలిస్తే పలక్కపోతే, నేనంటే లెక్కలేదనుకున్నా.”

ఆమె కళ్లు తుడుచుకున్నారు. ఆ ఇద్దరి మధ్య నా సంచీ, నా పానాలూ ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

కాసేపటికి ఆమె నేను ఖాళీ చేసిన కుర్చీ ఆయన పక్కకి లాక్కుని కూర్చున్నారు. చీర కుచ్చెళ్లు కాస్త పైకి తీసి, అరికాళ్లు రెండూ చెక్కకి ఆనించారు. మేళం నడుస్తోంది. ఆమె చాలాసేపు కాళ్ల వంకే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఆయన వైపు ముఖం తిప్పి, పెదాలు కనపడేలా అడిగారు.

“ఇంతేనా మీకు వినపడేది?”

“ఇంత వినపడతంది” అన్నారాయన, రెండు చేతులూ బార చాపి.

బూజుకర్ర

బాక్సులు మేకుల మీదే ఉండిపోయాయి. నా స్పెషల్ కాంపౌండు కాళ్లు బీరువా కింద పెట్టాం. ఆలోచన మాణిక్యమ్మ గారిది. వణికేది బీరువా అయితే కాళ్లు దానికే పెట్టొచ్చుగా అన్నారు. గిన్నెల మధ్య పాత చీర ముక్కలు మడిచి పెట్టారు. మోత పూర్తిగా పోలేదు గానీ, ఆమె మళ్లీ దాని గురించి మాట్లాడలేదు.

షాపుకెళ్లి కుర్రాళ్ల చేత రాయించిన నోట్సు కొట్టేయించాను. ఎందుకు సార్ అంటే చెక్క నేల సంగతి వేరన్నాను. శేషగిరి గారు పేపరు చాటు నుంచి నవ్వినట్టే అనిపించింది. ఆయన చెప్పిన కుర్చీ మాటలో నేను వినని సగం ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ మనిషి కుర్చీలో ఆ మనిషి కూర్చున్నట్టే కూర్చోండి. ఆయన కాళ్లు ఎక్కడుంటే మీ కాళ్లూ అక్కడే ఉండాలి. ఆ తర్వాత మేకా, రబ్బరా, సింకు ముక్కా అనేది మీకే తెలుస్తుంది. తెలియకపోతే ఇంటావిడని అడగండి, నాలా పునాది తవ్వించకండి.

రిటైరయ్యాక ఒకసారి బందరు వెళుతూ, దారిలో పామర్రులో దిగాను. కోటేశ్వరరావు గారు మేడ మీద ఉన్నారు, మేళం వినపడుతోంది. కిందున్న మాణిక్యమ్మ గారు నాకు అరుగు మీద మజ్జిగ ఇచ్చి, “ఉండు, ఆయన్ని పిలుస్తా” అన్నారు. మెట్ల దగ్గరికి వెళ్లి అరుస్తారనుకున్నాను. ఆమె మూలనున్న బూజుకర్ర తీసుకుని, తిరగేసి, పై చెక్కల్ని రెండు పోట్లు పొడిచారు, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా.

పైన పాట ఆగింది.

“వస్తన్నా మాణిక్యం” అన్నారాయన.